పక్కవాడి మీసం

స్కానింగ్ షాపులో కంప్యూటర్ ముందు షాపతను కూర్చున్నాడు, ఆమె పక్కన నిలబడే ఉంది. తెర మీద పాత పేపర్లో అచ్చయిన వాలీబాల్ జట్టు ఫోటో, దాని మధ్యలో ఆమె తండ్రి.

“మీ నాన్నకి అమ్మవారు పోసిందనుకున్నా. తీరా చూస్తే అన్నీ అచ్చు చుక్కలే!”

“నవ్వించకన్నా. ఎడమ చెంప మీద నల్లగా ఉందే, అదీ అచ్చు చుక్కేనా?”

“పుట్టుమచ్చైనా కావచ్చు. నీకు తెలీదా?”

“నేను ఉయ్యాల్లో ఉండగానే ఇల్లొదిలి వెళ్లిపోయాడు. అమ్మ కూడా లేదిప్పుడు. మార్చురీలో ఉన్నాయనది నాన్న పేరేనట. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందట.”

షాపతని నవ్వు ఆగిపోయింది.

“అచ్చు చుక్కలు వరసల్లో ఉంటాయి. ఆ వరసలు చెరిపేస్తే అవి పోతాయి, పుట్టుమచ్చ మిగులుతుంది. ఉండు.”

మౌస్ నొక్కాడు. తెర మీద చెంప నున్నగా తేలింది.

“పోయింది! అన్నా, పోయింది! ఆయన మా నాన్న కాదు!”

“ఆగమ్మా. పక్కవాడి మీసం కూడా పోయింది.”

“అంటే?”

“మరీ గట్టిగా చెరిపేశాను. కాస్త తగ్గించాలి.”

“వద్దన్నా, నీకు దణ్ణం పెడతా. ఇలాగే ప్రింటు తీసివ్వు.”

“ఇచ్చేస్తా. తీసుకెళ్లి నిద్రపోగలవా?”

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

“తగ్గించు.”

మౌస్ చప్పుడైంది.

“మీసం వచ్చిందా?”

“వచ్చింది.”

“ఇంకేం వచ్చిందన్నా?”

అతను లేచి తన కుర్చీని ఆమె వైపు జరిపాడు.

“ముందు కూర్చో తల్లీ.”