పదహారు తూటాలకీ బొట్టు

అమలాపురం మెజిస్ట్రేటు గారి ఎదుట, 2025 అక్టోబరు 9, గురువారం, ఉదయం 11.20 నుంచి నేను చెప్పగా టైపు చేసినది.

నా పేరు నేరేడుమిల్లి పాపారావు. తండ్రి దేవదానం, కాలం చేశారు. నా వయసు 63. కొత్తపేటలో లేత్ వర్క్స్ నడుపుతున్నాను. అంతకుముందు ఇరవై ఒక్క ఏళ్లు మిలిటరీలో తుపాకులు బాగుచేసే పని చేసి హవల్దారుగా రిటైరయ్యాను. క్రిస్టియన్లం. నా భార్య దీనమ్మ స్కూల్లో టీచరుగా చేసింది.

నేను చెప్పేది నా మీదే కేసుగా తిరగొచ్చని, చెప్పమని నన్నెవరూ బలవంతపెట్టరని మేడం గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని గంటసేపు బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. గంట అక్కర్లేదన్నాను, అయినా కూర్చోమన్నారు, కూర్చున్నాను. పోలీసులు నన్ను ఉత్త సాక్షిగా రాసుకున్నారు. రైఫిలు పేలిపోయింది ఇంట్లోవాళ్ల అజాగ్రత్త వల్లనని రాశారు. ఇంట్లోవాళ్లంటే మంగాయమ్మ గారు, రైఫిలు ఆవిడ కొడుకుది. కొడుకు కన్ను తన చేత్తో తానే తీసేశానని ఆవిడ వారం నుంచి అన్నం ముట్టడం లేదు. ఆ తప్పు ఆవిడది కాదు. అది చెప్పడానికే వచ్చాను.

మంగాయమ్మ గారి అబ్బాయి కిషోర్‌కి ముప్పై ఎనిమిదేళ్లు. పలివెల దగ్గర కొబ్బరితోట ఉంది, గోదావరి మధ్యన లంకపొలం ఉంది. తండ్రి పోయాక ఆయన రైఫిలు లైసెన్సు ఇతను తన పేరు మీదకి మార్పించుకున్నాడు. లంకలో అడవిపందులు పడి కంద తవ్వేస్తున్నాయని, వాటిని కాల్చడానికి పర్మిషన్ కూడా తెచ్చుకున్నాడు. నా షాపుకి మొదటిసారి వచ్చింది కిందటేడు జూన్ నెలలో, ఒక సోమవారం పొద్దున్న. కాల్చేసిన ఇత్తడి తూటా గొట్టం ఒకటి నా బల్ల మీద పెట్టాడు.

“బాబాయిగారండీ, ఈ గొట్టం మెడ సన్నం చేసి దీంట్లో చిన్న గుండు పెట్టొచ్చంటండి. గొట్టం పెద్దది, గుండు తేలిక, తెగ వేగంగా వెళ్తదంటండి. మీరు చెయ్యగలరా?” అన్నాడు.

చెయ్యకూడదు అనాల్సింది. కానీ అతను అడిగింది చెయ్యగలరా అని. ఇరవై ఒక్క ఏళ్లు తుపాకుల మధ్య బతికి, ఆ తర్వాత పదిహేడేళ్లుగా కొబ్బరి పీచు మిషన్లకి బుష్షులు, మోటార్లకి షాఫ్టులు తిప్పుకుంటున్న మనిషిని చెయ్యగలరా అంటే ఊరుకుంటాడా? గొట్టం చేతిలోకి తీసుకుని చూశాను. చేస్తానన్నాను.

మెడ నొక్కే అచ్చు లేత్ మీద నేనే తిప్పాను. ఆరు అచ్చులు పాడయ్యాయి. మెడలు చీలేవి, ముడతలు పడేవి. ఏడోది కుదిరింది. రైఫిలుకి సన్నరకం బ్యారెల్ బిగించింది కూడా నేనే. దాని కాగితాలు పోలీసులకి ఇచ్చేశాను. కిషోర్‌కి ఉన్న లైసెన్సు తుపాకీ పెట్టుకోడానికి, షాపులో కొన్న తూటాలు కాల్చడానికి. కొత్తరకం తూటా తయారుచెయ్యడానికి మా ఇద్దరిలో ఎవరికీ కాగితం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని అబద్ధమాడను. తూటాలో మందు ఏది, ఎంత అన్నది ఈ కాగితం మీద ఎక్కించొద్దని మేడం గారిని అడిగాను. ఇది చదివి ఇంకొకడు మొదలెడతాడు. ఆవిడ సరేనన్నారు.

పందుల కోసం అనుకున్నాం. పందికి అంత వేగం ఎందుకు? వేగం మాకే కావాలి. ఈ ఏడు జనవరిలో లంకలో ఇసుక తిన్నె మీద రేకు నిలబెట్టి కాలిస్తే చాలా దూరం నుంచి కూడా అనుకున్నచోటే తగిలింది. కిషోర్ నన్ను కావలించుకున్నాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి దీనమ్మకి చెప్తే, ఈ వయసులో మీకిదేం పోయేకాలం అంది. దాని మీద అరిచాను. నాకు కోపం ఎక్కువ, ఊరంతా ఎరిగిందే.

సెప్టెంబరులో కిషోర్ ఇంకా కొంచెం వేగం చూద్దామన్నాడు. నేను వద్దనలేదు. ఆ వేగానికి రైఫిలు ఆగుతుందో లేదో చూడ్డానికని నాలుగు తూటాలు వేరేగా చేశాను. మామూలువి పన్నెండు, ఈ నాలుగూ కలిపి పదహారు. పైకి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకని ఆ నాలుగింటికి అడుగున ఎర్ర రంగు చుక్క పెట్టాను. ఎరుపున్నది భుజానికి ఆనించి కాల్చకూడదని, తుపాకీని కొబ్బరి మొద్దుకి కట్టేసి మోటారు షెడ్డు వెనక నుంచి తాడుతో లాగాలని కిషోర్‌కి మూడుసార్లు చెప్పాను. అతను విన్నాడు. ఆ నాలుగింటినీ మాత్రల డబ్బాలో వేసి బీరువాలో వేరే అరలో పెట్టాడు. అది నా కళ్లతో చూశాను. అతనిది నిర్లక్ష్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను.

అక్టోబరు 1, బుధవారం, వాళ్లింట్లో ఆయుధపూజ. ఏటా నన్ను పిలుస్తారు. వాళ్ల పనిముట్లన్నీ నా చేతి మీద నడిచేవే. నేను ఉదయం 10.40కి వెళ్లాను. హాలులో పీట మీద రైఫిలు, కొబ్బరి దింపు కత్తులు, పురుగుమందు కొట్టే మిషను, ట్రాక్టరు తాళాలు పెట్టారు. ముందు ఇత్తడి పళ్లెంలో పసుపు బియ్యం పోసి తూటాలు నిలబెట్టారు, అడుగులు పైకి ఉండేలా. ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టారు. నాకు ఏది కనబడినా లెక్కపెట్టే అలవాటు. పదహారు ఉన్నాయి.

పన్నెండు ఉండాలి. పదహారు ఉన్నాయి. పదహారింటికీ ఎరుపే.

ఏం జరిగిందో నాకు అక్కడే అర్థమైంది. బీరువాలో డబ్బా మంగాయమ్మ గారి కంటబడింది. కొన్నిటికి పూజ చేసి కొన్నిటిని వదిలేస్తే వాటిని చిన్నచూపు చూసినట్టని ఆవిడ అవి కూడా తెచ్చి కలిపేశారు. అలా పెంచారు ఆవిణ్ణి. ఆ డబ్బా సంగతి ఆవిడకి మేమెవరమూ చెప్పలేదు. తూటాలు బాగుచేస్తున్నామని మాత్రమే ఆవిడకి తెలుసు.

అప్పుడెందుకు చెప్పలేదని మేడం గారు అడిగారు. చెప్తాను.

నాలుగేళ్ల కిందట ఇంకొకరింట్లో నేను బిగించిన మిషను మీద, తిరిగేచోట పసుపు మెత్తారు. బేరింగు పోతుందని నేను గుడ్డ తీసుకుని తుడిచేశాను. నోరు కూడా చేసుకున్నాను. చర్చికెళ్లేవాడు మా బొట్టు చెరిపాడని అది పెద్ద గొడవైంది. నలుగురూ వచ్చి సర్ది చెప్పారు. ఇంకెప్పుడూ ఒకరి పూజలో నోరెత్తనని దీనమ్మ నా చేత బైబిలు మీద ఒట్టు వేయించుకుంది. ఆ రోజు హాలు గుమ్మంలో నిలబడితే నాకు అదే గుర్తొచ్చింది. బంధువులు పదిమంది కూర్చుని ఉన్నారు. హారతి ఇస్తున్నారు. పళ్లెంలో బొట్లు తుడవండి అని నేనెలా అనను? కిషోర్‌ని పక్కకి పిలిచి చెబుదామనుకున్నాను. అతను పీట మీద ఉన్నాడు, తర్వాత చుట్టాల్ని సాగనంపడానికి గేటు దగ్గరికెళ్లాడు.

ఈలోగా మంగాయమ్మ గారు నా దగ్గరికి వచ్చారు. చేతిలో విస్తరాకు, అందులో పులిహోర, బూరెలు. నేను ప్రసాదం తిననని ఆవిడకి తెలుసు. ఎప్పుడూ అడిగి ఇబ్బంది పెట్టలేదు.

“మీకు ముందే తీసి పెట్టేనండి పాపారావు గారూ. ఇది నైవేద్యం పెట్టలేదండి. నిర్భయంగా తినండి,” అన్నారు.

“ఆయ్, అలాగేనండి,” అన్నాను.

అంతే అన్నాను. నా కోసం ముందే తీసి దాచిన మనిషితో, మీరు చేసిన పూజలో తప్పుందండి అని అనడానికి నాకు నోరు రాలేదు. వసారాలో కూర్చుని మొత్తం తిన్నాను. ఇంకో బూరె వేస్తే అదీ తిన్నాను. చెయ్యి కడుక్కుని 11.50కి వచ్చేశాను. సాయంత్రం ఫోన్ చేద్దామనుకున్నాను. ఇంటినిండా చుట్టాలుంటారు, రేపు చేద్దాంలే అనుకున్నాను. పూజలో పెట్టినవి దశమి దాకా కదపరు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కదిపేది దశమి పొద్దున్నే అన్నది కూడా నాకు తెలుసు.

అక్టోబరు 2, గురువారం, దశమి. 8.05కి ఫోన్ చేశాను. కిషోర్ భార్య లక్ష్మీప్రసన్న ఎత్తింది. ఏడుస్తూనే జరిగింది చెప్పింది. పొద్దున్న 7.30కి, శాస్త్రానికి ఒకటి పేల్చి పని మొదలుపెట్టరా అని తల్లి అంటే కిషోర్ పళ్లెంలోంచి ఒకటి తీసుకున్నాడు. నాలుగూ బీరువాలోనే ఉన్నాయని అతని నమ్మకం. దొడ్డివైపు వెళ్లి, గట్టుకి గురిపెట్టి, భుజానికి ఆనించి కాల్చాడు. రైఫిలు వెనకవైపు పగిలిపోయింది. కుడి కన్ను పోయింది. ఎడమది వస్తుందో రాదో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు. కుడిచేతి రెండు వేళ్లు లేవు.

కాకినాడ ఆసుపత్రికి ఆ రోజే వెళ్లాను. మంగాయమ్మ గారు వరండాలో నేల మీద కూర్చుని ఉన్నారు. నేను పక్కన కూర్చుంటే నా రెండు చేతులూ పట్టుకున్నారు. పోలీసులు ఎర్ర చుక్క సంగతి అప్పటికే కిషోర్‌ని అడిగి తెలుసుకుని ఆవిడకి చెప్పారు.

“నా బొట్టే నా బిడ్డ కన్ను తీసేసిందండి. మీరు పెట్టిన గుర్తు నేనే కప్పేసేనండి,” అన్నారు.

“ఊరుకోండమ్మా,” అన్నాను.

సిగ్గులేదూ నాకు? ఊరుకోండమ్మా అన్నాను. నేను చూశానమ్మా అనలేదు. పళ్లెం ముందు ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, రెండుసార్లు నోరు మూసుకున్నాను. జీవితమంతా అక్కర్లేనిచోట అరిచినవాణ్ణి, ఒక్కమాట కావాల్సినచోట మర్యాద పాటించాను. ఆవిడకి తెలియక జరిగింది. నాకు తెలిసి జరిగింది.

నన్నేం చేస్తారో చెయ్యండి. తూటాలు చేసినందుకు కేసు పెట్టండి, పింఛను ఆపండి. దీనమ్మకి చెప్పే వచ్చాను. నేను కోరేది ఒకటే. ఈ కాగితం మంగాయమ్మ గారికి ఎవరైనా చదివి వినిపించాలి. నన్నే వెళ్లి చెప్పమంటే, ఆవిడ మొహం చూస్తే మళ్లీ నా నోరు పెగలదు. అన్నం ముందు పెట్టి చదవండి.

ఇందులో ఉన్నది నేను చెప్పిందే, ఎవరూ నేర్పింది కాదు, నిజం. మొత్తం తెలుగులో నాకు చదివి వినిపించారు. ఒక్కచోట దిద్దించాను. తూటాలు కలిసిపోయిన సంగతి ప్రమాదం తర్వాత గ్రహించానని టైపయింది. అది కొట్టించి, ముందురోజు ఉదయమే చూశానని రాయించాను. ఆ దిద్దుబాటు పక్కన వేరేగా సంతకం పెట్టాను.

(సం.) నేరేడుమిల్లి పాపారావు
9-10-2025, మధ్యాహ్నం 1.05