వేరుశనగ పురుగుల మధ్య రాగిణి

“అమ్మమ్మా, కామెర్లు వచ్చింది నీకైతే అన్నం మానేసింది తాతయ్యట కదా! ఎందుకు?”

మంగళవారం పొద్దున పదకొండుంబావుకి మొదలైందమ్మా అది. టైము ఎలా గుర్తంటే, పదకొండింటికి బార్లీ నీళ్లు తాగి పుస్తకం పట్టుకున్నాను. గ్లాసు కడగడానికి మీ తాతయ్య వంటింట్లోకి వెళ్లారు. ఆయన కుళాయి కట్టేసేలోపే పుస్తకంలో కథ ఆగిపోయింది. రికార్డు చేస్తున్న ఆ ఫోను కాస్త దగ్గరగా పెట్టు, నా గొంతు చిన్నది.

డాక్టరమ్మ మూడు వారాలు మంచం దిగొద్దంది. పగలు పడుకోవడం పురుళ్లప్పుడు తప్ప నాకేం తెలుసు? ఎంతసేపని ప్రార్థన చేస్తాం, దేవుడికి మాత్రం వేరే పనులుండవూ? అప్పుడు అటక మీది బైండు పుస్తకాలు గుర్తొచ్చాయి. మీకు తెలీదులే. వారపత్రికలో సీరియల్ వస్తే ఆ కాగితాలు చింపి దాచి, కథ అయిపోయాక బైండు చేయించేవాళ్లం. పత్రిక రూపాయిన్నర... కాదు కాదు, అది మీ అమ్మ పుట్టాక. అప్పటికి రూపాయే. మీ తాతయ్య యూనివర్సిటీ లైబ్రరీలో బైండరు కదా, భోజనాల వేళ నా సీరియళ్లు కుట్టేవారు. అన్నీ అయ్యాక ఒక్కసారే చదువుదామనుకునేదాన్ని. పిల్లలు, వంట, చర్చిలో స్త్రీల సమాజం... దాచిందే గానీ చదివింది లేదు.

అలా రాగిణి కథ పట్టుకున్నాను. ఒక డాక్టరు, ఒక మిలిటరీ ఆయన, ఇద్దరికీ ఈవిడే కావాలి. పాస్టరుగారు నన్ను చూడ్డానికొస్తే పుస్తకం దిండు కింద దాచాను. ఆయన నా స్వస్థత కోసం ప్రార్థన చేస్తుంటే నేను కళ్లు మూసుకుని, ప్రభువా, ఆ పిల్లకి కూడా ఓ దారి చూపించు అని కలిపేశాను. ఆయన పాపం దీర్ఘంగా ఆమెన్ అన్నారు.

ఆ మంగళవారం రాగిణి పెట్టె పట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్లో నిలబడింది. ఆ చివర డాక్టరు, ఈ చివర మిలిటరీ. రైలు కూతేసింది. పేజీ తిప్పాను. వేరుశనగ ఆకు తినే పురుగు! ఇంగ్లీషులో టైపు కొట్టి, పురుగు బొమ్మతో సహా. నాలుగు కాగితాలూ పురుగే. ఆ తర్వాత అట్ట.

మరి మీ తాతయ్యేమో రిటైరైన రోజు శాలువా కప్పుకుని మైకులో చెప్పారు, “ముప్ఫై నాలుగేళ్లలో నా చేతిలో ఒక్క కాగితం తారుమారు కాలేదు” అని. ఆ మాట లాలాపేట్‌లో మా కూరగాయలాయనక్కూడా తెలుసు. ఇప్పుడది నా ఒళ్లో అబద్ధమై కూర్చుంది. పుస్తకం మూసేస్తే ఎవరికీ తెలీదు. కానీ ఎవరి చదువు తాలూకు కాగితాలో మనింట్లో ఉంచుకోవడం తప్పు కదా... నిజం చెప్పాలంటే ఆ ధర్మం తర్వాత గుర్తొచ్చింది. ముందు గుర్తొచ్చింది రైలు.

“ఏమండీ” అని పిలిచాను.

చూశారు. “ఇది నేను కుట్టింది కాదు” అన్నారు.

“మరి ఈ ఎర్రదారం?”

లైబ్రరీ మొత్తంలో ఎర్రదారం వాడేది ఆయనొక్కరే. పుస్తకం తలకిందులు చేసి చూశారు, అలా చూస్తే పురుగు రాలిపోతుందన్నట్టు. చివరికి కుర్చీలో కూలబడ్డారు. “వేరుశనగ మీద పరిశోధన చేసిన ఆ కుర్రాడు, సుశీలా! థీసిస్ ఇవాళే బైండు చేసివ్వాలని ఆ రోజు నా నెత్తిన కూర్చున్నాడు. రెండు కట్టలూ ఒకే బల్ల మీద ఉన్నాయి.”

“అయితే రాగిణి...”

“వాడి థీసిస్‌లో ఉంది. లైబ్రరీ కాపీలో.”

మధ్యాహ్నం అన్నం వద్దన్నారు. రాత్రీ వద్దన్నారు. రోగిని నేను, మజ్జిగన్నమైనా తినండీ అని బతిమాలింది నేను! బుధవారమంతా టీ నీళ్లే. గురువారం పొద్దున మెల్లగా అన్నాను, “ఎవరో చూసి నవ్వుకునే బదులు మనమే వెళ్లి చెప్పి, ఆ కాగితాలు ఇచ్చేద్దామండీ.”

“నువ్వు రైలు కోసం అంటున్నావు.”

“దానికోసం కూడానండీ.”

ఇది డాక్టరమ్మకి చెప్పకు. తార్నాకలో ఆటో ఎక్కాం. లైబ్రరీ మెట్లు ఆయన నన్ను పట్టుకుని ఎక్కించారో, నేను ఆయన్ని ఎక్కించానో! కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఆయన తల వంచుకుని, కోర్టులో నేరం ఒప్పుకున్నట్టు మొత్తం చెప్పారు. ఆ అమ్మాయి నోరు తెరిచింది.

“అంకుల్, రాగిణిని ఆ థీసిస్‌ల పెట్టింది మీరేనా? ఎవరు పెట్టిన్రో అని మేం మస్తు పరేషానైనం! హాస్టల్ పోరిలందరికీ ఎరుకే గది.”

తెచ్చి ముందర పెట్టింది. వేరుశనగ పేజీలు కొత్త చీర మడతల్లా ఉన్నాయి, ఎవరూ విప్పలేదు. రాగిణి కాగితాలు మాత్రం నలిగి నలిగి మెత్తబడిపోయాయి. అంచుల్లో పెన్సిల్ రాతలు, ఎన్ని చేతులవో. “శభాష్ రాగిణీ” అని ఒకరు. “నేనైతే డాక్టర్నే చేసుకుందును” అని ఒకరు. దాని కింద ఇంకొకరు, “అందుకే నువ్వు ఫెయిలయ్యావు.”

అక్కడే నిలబడి చదివేశాను. ఏం చేసిందంటావు? ఇద్దర్నీ రైలెక్కించి, తను వెనక్కెళ్లి టైపు నేర్చుకోవడానికి చేరింది! అంత నీరసంలోనూ నవ్వాగలేదు.

మీ తాతయ్య సంచిలోంచి కత్తెర తీస్తున్నారు. ఆ అమ్మాయి గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. “అయ్యో, తియ్యకుండ్రి అంకుల్! మీ పురుగుల కాయితాలు గూడ కుట్టుండ్రి, రాగిణి ఉండనియ్యుండ్రి. లైబ్రేరియన్ సార్‌ని అడిగొస్త.” వెళ్లి అడిగొచ్చింది. సారు కూడా చదివాడట.

మీ తాతయ్య నెమ్మదిగా అడిగారు, “ఇంతమంది చదివారా అమ్మా?”

“ఆ అల్మారీల ఇంకోటి ముట్టరు అంకుల్. గని ఆంటీ, ఆమె అసలు స్టేషన్‌కి ఎందుకొచ్చింది? మొదలు మాకు తెల్వదు కదా!”

అదన్నమాట. మొదలు నా దగ్గర, చివర వాళ్ల దగ్గర. బయటికొచ్చి ఆయన క్యాంటీన్లో ఆరిడ్లీలు తిన్నారమ్మా, నా ఎదురుగా, పథ్యం పథ్యం అంటూ నాకు ఒక్కటీ పెట్టకుండా.

మర్నాడు శుక్రవారం పొద్దున మా ఇంట్లో టిఫిన్ లేదు. పొయ్యి మీద పాత గిన్నెలో మైదా జిగురు ఉడికింది. నేను గరిటె తిప్పుతుంటే ఆయన నా కళ్లజోడు పెట్టుకుని సూదిలోకి దారం ఎక్కించుకున్నారు. తొమ్మిదింటికల్లా ఇద్దరం ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఆయన చేతిలో జిగురు గిన్నె, నా చేతిలో పురుగుల కాగితాలతో సహా రాగిణి కథ. ఆ ఆడపిల్లలు మొదటినుంచీ చదువుకుంటారని... వాళ్లూ చల్లగా ఉండాలి, నువ్వూ చల్లగా ఉండాలి తల్లీ.