పులిహోర బాగుందన్నారు

శనివారం ఉదయం పదిన్నరకు చిక్కడపల్లిలో మూతపడిన ఆసుపత్రి గేటుకు బోర్డు కట్టారు. ఆ స్థలంలో తొమ్మిదంతస్తుల ఫ్లాట్లకు అనుమతి వచ్చిందని అందులో ఉంది. ఎదురింటి పెద్దామె, పోయిన నెల ఆ గల్లీకి కిరాయికి వచ్చిన చిన్నామె గేటు ముందు నిలబడి చదివారు.

"ఫ్లాట్లా? దవాఖాన మళ్ల తెరుస్తున్నరంటివి గదక్కా!"

"భూమిపూజ చేస్తుంటే దవాఖానకే అనుకున్న చెల్లె. హారతి గూడ నేనే పట్టిన."

"నీ మాట నమ్మే గద రాంనగర్ల ఇల్లు ఖాళీ చేసి వచ్చినం. మా ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. మెట్లు దిగితే దవాఖాన అంటివి."

"అంటి."

"మరి పూజల అయ్యగారేం చెప్పలేదా?"

"చెప్పిండు. సంకల్పంల గృహనిర్మాణం అన్నడు. మైకులనే అన్నడు."

"ఇని ఊకున్నవా?"

"సంకల్పం ఎవరింటరే? బస్తీ అంతా కండ్లు మూసుకొని దండం పెట్టినం. ప్రసాదం ఎప్పుడిస్తరా అని చూసినం."

"ఆ పులిహోర మా ఇంటికి గూడ తెస్తివి."

"మంచిగుందంటివి గద."

"అక్కా!"

"ఇందాక బోర్డు కడుతుంటే లోపలున్న బిల్డర్ సార్‌ను అడిగిన. అభ్యంతరాల గడువు అయిపోయిందంట. పూజకు అందరొచ్చిండ్రు, ఒక్కరన్న వద్దన్నరా అంటున్నడు."

"ఇయ్యాల డయాలసిస్ ఉందక్కా. మళ్ల విద్యానగర్ దవాఖానకే పోవాలె."

"ఆటో పిలువు. నేనొస్త."

పదకొండున్నరకు గేటు మీదున్న ఆసుపత్రి పాత ఎమర్జెన్సీ బోర్డు దించారు. అదే సమయానికి ఆటో విద్యానగర్ వైపు బయలుదేరింది. అందులో ముగ్గురు ఉన్నారు.