ఉయ్యాల తప్పు

విజయవాడ వన్ టౌన్‌లో సాంబమూర్తి చేనేత బట్టల కొట్టు. కొడుకు ఒంటి మీద దద్దుర్లు తగ్గడం లేదని రసాయనాల్లేని నూలు దుప్పట్లు కొనడానికొచ్చింది మాధురి.

“అది వద్దు మావయ్యగారూ. ఆర్గానిక్ అని చీటీ అంటించి ఆ రేటు చెబితే, నేను దుప్పటి కొనాలా, ఇల్లు తాకట్టు పెట్టాలా?”

“సగం రేటు చీటీదే తల్లీ. పిల్లాడు చీటీ కప్పుకుంటాడా ఏంటి? ఇదిగో, ఇది చూడు. మొన్న శుక్రవారమే దిగింది. పురుగుల మందు కొట్టని పత్తి. రంగు లేదు, బ్లీచింగు లేదు. నాలుగు ఉతుకులు పడితే వెన్నే.”

“గరుగ్గా ఉందే.”

“గంజమ్మా అది. నానబెడితే పోద్ది. వాసన చూడు. ముక్కు మండితే రసాయనం.”

“ఊహుఁ, గంజి వాసనే. బావుంది. దిండు గలీబులూ, తువ్వాళ్ళూ కూడా ఇందులోనే...”

“అన్నీ తీస్తా. ఆ మడత విప్పకు తల్లీ. అది కాదు, ఇంకోటిస్తా.”

“ఇదే బావుంది... మావయ్యగారూ.”

“ఊఁ.”

“ఇది ఎప్పటి సరుకు?”

“ఏదో... పాతదిలే. గోడౌన్లో పడుంది.”

“పాతదా? మొన్న శుక్రవారం దిగిందన్నారు ఇందాక.”

“అన్నానా?”

“ఇక్కడ చూడండి. జంటపోగు. రెండు పోగులు ఒకేచోట పడ్డాయి. జానెడు దూరంలో మళ్ళీ. మళ్ళీ...”

“చేత్తో నేసిందన్నాక తప్పులుండవా? ఇటివ్వు, మారుస్తా.”

“ఇవ్వను. ఇది మా నాన్న తప్పు.”

“మాధురీ...”

“నా ఉయ్యాల మగ్గం పక్కనే కట్టేవాడు. తాడు కాలి వేలికి చుట్టుకునేవాడు. నేనేడిస్తే కాలు జాడించేవాడు. ఆ కాలు తొక్కాల్సిన చెక్క తొక్కక జంటపోగు పడేది. నేను పెద్దదాన్నయ్యాను, ఉయ్యాల అటకెక్కింది, ఆ కాలు మాత్రం అలవాటు మానలేదు. ఉయ్యాల తప్పు అని పేరు పెట్టింది మీరే కదా!”

“నేనే.”

“నాన్న వరదలో కొట్టుకుపోయి రెండేళ్ళయింది. శవం దొరక్కుండానే కర్మ చేసేశాం. బతికున్నాడా మావయ్యగారూ? ఎక్కడున్నాడు? నా మీద ఒట్టు, చెప్పండి.”

“ఒట్లెందుకమ్మా. మంచినీళ్ళు తాగు.”

“నీళ్ళొద్దు. ఎవరు నేశారిది?”

“చెప్పనని మాటిచ్చాను.”

“నాన్నకా?”

“మీ అమ్మకి.”

“అమ్మకా? అమ్మ నేసిందా! కండెలు చుట్టడం తప్ప ఏనాడూ మగ్గం ముందు కూచుని ఎరగదే!”

“ఇప్పుడు కూచుంటోంది.”

“పొద్దుగూకులూ మగ్గం చప్పుడు వినపడతంది, మీ నాన్న నేస్తన్నాడే అంటది ఫోన్లో. మతి చలించిందనుకున్నానండీ నేను.”

“నేనూ అడిగాను. ఆయన నేసినట్టు కనపడాలని తప్పులెందుకేస్తావు, శుభ్రంగా నెయ్యొచ్చు కదా చెల్లెమ్మా అన్నాను. ‘నేనెయ్యట్లేదన్నయ్యా. జానెడు నేసేసరికి, తాడు కట్టి లాగినట్టు కాలు దానంతటదే పక్కకి పోతంది’ అంది. నేనింక మళ్ళీ అడగలేదు.”

“అయ్యో... అయ్యో మావయ్యగారూ.”

“ఏమైందమ్మా?”

“ఆ మగ్గం ఉంటే అమ్మ మనిషి కాదని... విప్పి పట్టుకుపొమ్మని వడ్రంగిని పంపాను. అమ్మకి చెప్పలేదు. పొద్దున్నే కూచిపూడి బస్సెక్కాడు. ఈపాటికి ఊళ్ళో దిగుంటాడు.”

“ఎంత పని చేశావు! ఫోన్ చెయ్యి. ముందు ఫోన్ చెయ్యి!”

“రింగవుతోంది... ఎత్తు, ఎత్తమ్మా... అమ్మా! నేనే. విను, తలుపు తియ్యొద్దు...”

“తర్వాత మాట్లాడతానే మాధురీ. పొద్దుట్నుంచీ నేస్తన్నా ఒక్క తప్పూ పడలా, ఎందుకా అనుకుంటన్నా. వీధి తలుపు కొడుతున్నారు. మీ నాన్నొచ్చేశాడు.”