గుమ్మంలో అడుగులు

మార్గశిరం, బుధవారం సాయంత్రం. ఒడిశాలో కేంద్రాపడ దగ్గర ఒక పల్లెలో, అలికిన గుమ్మం ముందు వలలు అల్లే ఖేత్రబాసి, అతని అక్క సుకాంతి. మధ్యలో బియ్యప్పిండి కలిపిన గిన్నె.

“నిశామణి నాకు ఒక్క ముగ్గయినా నేర్పకుండా పోయింది. తప్పు దానిదే.”

“పోయేముందు మొగుడికి ముగ్గులు నేర్పాలని ఏ పెళ్లానికి తడుతుందిరా? కానివ్వు. తెల్లారితే గురువారం, లక్ష్మి ఇంటికి వస్తుంది.”

“పోయిన ఏడాది బోసి గుమ్మం చూసి వెళ్లిపోయింది. ఈసారి అలా కాకూడదు.”

“అయితే నన్ను వెయ్యనీ.”

“ఈ గుమ్మంలో ఈ ఇంటి చెయ్యే పడాలనేది నిశామణి. నువ్వు పెళ్లయి వెళ్లినదానివి. చెప్పు, వేస్తాను.”

“చెప్పాను కదా. వరి వెన్ను. వేలు ముంచి కిందికొక గీత, అటూ ఇటూ గింజలు.”

“వేశాను.”

“ఇదా? ఇది చేప ముల్లు.”

“నిన్న బాగానే వేశాను.”

“నిన్న నీ చెయ్యి నేను పట్టుకున్నాను. పోనీ తామర వెయ్యి.”

“రేకులు ఎటు నుంచి?”

“పొద్దున్నే చెప్పానుగా?”

“బుర్రలోంచి పోయింది.”

“అయితే లక్ష్మి పాదాలు వెయ్యి, అవయినా... ఆగాగు. వేళ్లు వీధి వైపా? అమ్మవారిని బయటికి పంపేస్తున్నావు.”

“రానిదే ఎలా పోతుంది?”

“నవ్వించకు. తుడిచెయ్యి. వల ముడులన్నీ కళ్లు మూసుకుని వేస్తావు, ఇదేమిట్రా?”

“నాన్న వలలన్నీ ముందేసి, నచ్చింది ఏరుకోరా అన్నాడు. ఏరుకున్నాను. ఆ ముడులు ఇంకా చేతిలో ఉన్నాయి. బడిలో పద్యాలు మాస్టారు ఏరిపెట్టాడు. ఒక్కటీ గుర్తులేదు.”

“అంటే నేనూ మాస్టారినేనా?”

“బెత్తం లేదు. అంతే తేడా.”

“సరే, నోరు మూసుకుంటాను. నీకు నచ్చింది వెయ్యి.”

“ఏదైనానా?”

“ఏదైనా. ఆ చేప ముల్లే వేసుకో, లక్ష్మి సర్దుకుంటుంది.”

“అటు తిరుగు. నువ్వు చూస్తే వేలు సాగదు.”

“తిరిగాను. చీకటి పడుతోంది, నా కోడలు ఎదురుచూస్తుంది. ఏం వేస్తున్నావు?”

“నోరు మూసుకుంటానన్నావు.”

“మూశాను. అయిందా?”

“అయింది. చూడు.”

“ఓరి నీ... పాదాలే. లోపలికే వస్తున్నాయి. ఇప్పుడెలా వచ్చిందిరా? కానీ పూజగదికి పోకుండా వంటింటి వైపు తిరిగాయేం?”

“ఎప్పుడూ అటే.”

“లక్ష్మికి వంటింట్లో ఏం పని? ఇదేమిటి, ఎడమకాలి చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కింది. ప్రతి అడుగులోనూ అలాగే ఉంది. ఖేత్రా, ఇవి లక్ష్మి పాదాలు కావు. ఇవి మన నిశా—”

“గిన్నె ఇలా ఇవ్వు, కడగాలి. ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు.”