అలిగిన తీగ

ఆయన్ని అందరూ కరెంటు బాబాయ్ అంటారు. చెయ్యి నెమ్మది, నోరు మాత్రం గుర్రం. సాయంత్రం టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడంటే కోతలకి కత్తి నూరినట్టే. ఆ రోజు చలి ఎముకలు కొరికేస్తోంది. అందుకేనేమో కథ వేడినీళ్ల మీదికి మళ్లింది.

"మలుపులో మేడింటి పెద్దమ్మ తెలుసుగా? ఒంటరి మనిషి. ఇల్లంతా గొట్టాల్లో వేడినీళ్లు తిరిగితేనే గదులు వెచ్చబడేది. కింద నీళ్లు కాచే బాయిలరు, పైన గది గోడకి చలి కనిపెట్టే థర్మోస్టాటు. చలేస్తే ఇది దానికి కబురు పెట్టాలి. ఆ కబురు మోసే తీగ ఏది వెయ్యాలన్నదే చిక్కు. తీగే లేకుండా గాలిలో కబురు పంపేది పెట్టమన్నారొకరు. అంత మందం గోడల్లో కబురు దారి తప్పుతుందన్నాను. లావుపాటి కరెంటు తీగ లాగమన్నారు ఇంకొకరు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకన్నాను. సన్నటి రాగిది, నాలుగు పోగులది ఎంచాను. పనికి రెండు, రేపటి అవసరానికి రెండు."

"అంతేనా?" అన్నాడు పక్క కొట్టు దర్జీ.

"అంతేనా అంటే? ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దమ్మ శాలువా వైపు చెయ్యి చాపితే చాలు, గొట్టాలు కాగిపోయేవి. ఆ వేడి గోడ దాటి పాకితే పక్కింటివాళ్లు స్వెట్టర్లు విప్పేశారు. వలస పోవాల్సిన పక్షులు ఆ చూరు కిందే ఆగిపోయాయి, ఇంక ఎక్కడికీ పోనవసరం లేదని. చివరికి చలికాలం ఆ గుమ్మం దాకా వచ్చి, అక్కడ నేనంటించిన చీటీలో నా పేరు చదువుకుని వెనక్కి తిరిగింది."

"చలికాలానికి చదువొచ్చా బాబాయ్?" అన్నాడు టీ కాచేవాడు.

"నా పేరు వరకూ వచ్చు. అయితే ఒకటి, అంత గొప్ప తీగకి పొగరూ ఉంటుంది. అప్పుడప్పుడూ అలిగేది. 'నాయనా, ఇల్లు మళ్లీ చల్లబడింది' అని పెద్దమ్మ ఫోను. వేరే మేస్త్రీ ముట్టుకుంటే బుస కొట్టేది. నేను వెళ్లి, కుర్చీ లాక్కుని నాలుగు కబుర్లు చెబితే గాని దారికొచ్చేది కాదు. ఈ చలికాలం ఒక్క ఫోనూ లేదు. చూశారా, ఇన్నాళ్లకి నాకు లొంగింది."

బెంచీ అంతా నవ్వింది. చివర కూర్చున్న ఒకావిడ మాత్రం టీ ముట్టుకోలేదు.

"కరెంటు బాబాయ్ మీరేనాండీ? మిమ్మల్ని వెతుక్కుంటూనే వచ్చాను. మేడింటావిడ మా అమ్మ."

"అలాగా తల్లీ. పెద్దమ్మ బాగుందా? తీగ మళ్లీ మొరాయించిందా?"

"అమ్మ పోయిందండీ. చలి మొదలవుతుండగా నా దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడే పోయింది."

టీ కాచేవాడు పొయ్యి తగ్గించాడు.

"ఆ తీగ అలగలేదండీ. అమ్మే పీకేసేది. మంచం పక్క సొరుగులో చిన్న స్క్రూడ్రైవరు దాచుకుంది. ఆస్పత్రిలో తనే చెప్పింది. 'ఆ అబ్బాయి వస్తే ఇల్లు ఇల్లులా ఉంటుందే' అంది. మీ పక్షుల కథ నాకు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పిందో."

బాబాయ్ టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

"ఒక్క మాటంటే ఊరికే వచ్చేవాణ్ణి కదమ్మా."

"ఊరికే రమ్మనడం అమ్మకి చేతకాదండీ."

మర్నాడు చుట్టాలు వస్తారట, ఇల్లు మంచుగడ్డలా ఉందట. ఆయన సంచీ భుజాన వేసుకుని ఆవిడ వెంట నడిచాడు. గోడ మీది థర్మోస్టాటు మూత తీస్తే రాగి పోగు ఊడి వేలాడుతోంది, ప్రయాణానికి ముందు పెద్దమ్మ పీకిందే కాబోలు. వచ్చినప్పుడల్లా అది అలాగే ఉండేది. తన బిగింపులోనే లోపమనుకుని లోపల కుమిలేవాడు, పైకి అలక కథ అల్లేవాడు. ఇప్పుడు పరీక్షగా చూశాడు. తిప్పి తిప్పి స్క్రూ తల నున్నగా అరిగిపోయి ఉంది.

దాన్ని మార్చి పోగు బిగించాడు. కింద బాయిలరు కబురందుకుంది. ఆవిడ కుర్చీ వేసింది. కూర్చున్నాడు. గొట్టాల్లో నీళ్లు పారుతున్న చప్పుడు వింటూ, గది వెచ్చబడేదాకా ఇద్దరూ అలాగే ఉండిపోయారు.

ఆ తర్వాత టీ కొట్టు బెంచీ మీద ఆయన ఎన్నో పనుల గురించి చెప్పాడు. ఈ ఒక్కటి మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పలేదు.