అరచెంచా మొనగాడు

తిండి మీద ఎల్లాజీ కోసే కోతలు మల్కాపురం ఇరవయ్యేళ్ళుగా వింటోంది. పెళ్ళిలో అరవై గారెలు తిన్నాననేవాడు, పందెంలో బిందెడు పాయసం తాగాననేవాడు. అందులో సగం నిజమేనని ఆయన పొట్ట చూసినవాళ్ళు ఒప్పుకునేవారు. కానీ తినకపోవడం మీద కూడా కోతలు కోయొచ్చని ఆ శనివారం పొద్దున్న, చలమయ్య టీ బడ్డీ దగ్గరే అందరికీ తెలిసింది.

ఎల్లాజీ పోర్టులో క్రేన్ ఆపరేటరు. నూట ముప్ఫై ఎనిమిది కిలోలకి చేరి, క్రేన్ నిచ్చెన ఎక్కలేక సగంలో ఆగిపోతుంటే, డాక్టర్లు ఆపరేషన్ చేసి కడుపు చిన్నది చేశారు. ఇది నాలుగో వారం. మిక్సీలో వేసి గుజ్జు చేసిందే తినాలి, అదీ చెంచాలు లెక్కపెట్టుకుని. టీ కూడా తాగడు. చలమయ్య పోసిచ్చిన గ్లాసు ఊరికే చేత్తో పట్టుకుని వాసన చూసుకుంటాడు.

ఎదురు బల్ల మీద బెన్సన్ కూర్చున్నాడు. రిఫైనరీ కాంట్రాక్టు పనుల్లో వెల్డరు. పోయిన నెల ట్యాంకు మేన్‌హోల్లో నడుము దగ్గర ఇరుక్కుపోతే నలుగురు పట్టి లాగారు. అప్పటికే షుగరు, మోకాళ్ళ నొప్పులు. అతనికీ అదే ఆపరేషన్, సోమవారం చేరాలి. ఆస్పత్రి కాగితం చొక్కా జేబులో ఉంది. "ఎల్లాజీ బావనడిగొస్తాను. నావల్ల అవుద్దంటే ఎళ్తాను, నేదంటే ఈ కాగితం సింపేస్తాను" అని భార్య రత్నమణితో చెప్పి మరీ వచ్చాడు. ఒంటరిగా దొరికితే అడుగుదామనుకున్నాడు గానీ, అప్పటికే బల్లల మీద ఆరుగురున్నారు. వినేవాళ్ళుంటే ఎల్లాజీ నోట నిజం రాదు.

"బావా, ఆ గుజ్జు తిండి... నాను తట్టుకోగలనంటావా?"

"ఓస్! అదేటి పెద్ద లెక్కరా!" ఎల్లాజీ కాలు మీద కాలేసుకున్నాడు. "ఇనుకో. మొదటి రోజు ఇడ్లీ గుజ్జెట్టారు. ఒక్క సెంచా. ఇంకోడైతే గుటుక్కున మింగి ఇంకేదీ అంటాడు. నాను అరగంట తిన్నాను. సప్పరించి, సప్పరించి, మినప్పప్పు ఏ ఊరిదో కూడా సెప్పీగలిగినాను."

"అరగంటే?" అన్నాడు చలమయ్య.

"గడియారం ఎట్టి సూసుకున్నాం మరి. రెండో రోజు పప్పుకట్టు. అరసెంచా తాగీసరికి కడుపు నిండిపోనాది! మిగిలిన అరసెంచా ఏటి సెయ్యాల? పారబోత్తే పాపం. ఆ తర్వాత ఏటైందో తెల్సా? పక్కింటోళ్ళని పిల్సాను. నలుగురు కూకుని తాగారు. తాగలేక మిగిల్సీసారు!"

బల్లలు కదిలేలా నవ్వారు. బెన్సన్ నవ్వలేకపోయాడు. ఆదివారం చర్చి అయ్యాక రత్నమణి చేసే బిర్యానీ, రెండోసారి వడ్డించుకునేటప్పుడు గరిటె గిన్నె అడుగున గీసే చప్పుడు, అవే గుర్తొచ్చాయి.

"ఆకలెయ్యనేదా బావా?"

"ఆకలా? అదెలాగుంటాదో మర్సిపోనాను. ఈ కంట్లోంచి ఒక్క సుక్క రాలిందేటో మా నూకాల్నడుగు! మగాడన్నాక ఆమాత్రం గట్టిగా ఉండాల. మూడోవారంలో డాక్టరు, ఒక్క మెతుకు నలుపుకుని తిను ఎల్లాజీ అన్నాడు. ఒకే ఒక్క మెతుకు. సోమవారం మొదలెట్టాను, గురువారానికయ్యింది."

"మద్దెలో పడుకోనేదేటి?" అన్నాడు బల్ల చివర్న సూరన్న.

"బుగ్గనెట్టుకుని పడుకున్నానురా! ఇంకా ఇను. మొన్న హార్బరు కాడికి గాలికెళ్ళాను. గాలి తిరిగింది. ఎండబెట్టిన నెత్తళ్ళ సేపల వాసన! రెండుసార్లు పీల్సాను, అంతే, కడుపు నిండిపోనాది. తేన్పొచ్చింది. అలాటిలాటి తేన్పు కాదు. బయట సముద్రంలో లంగరేసున్న ఓడోళ్ళు, ఇంకో ఓడ కూసిందనుకుని తిరిగి కూసారు. అది ఇని పక్క ఓడోడు కూసాడు. మొత్తం పదకొండు ఓడలు! పైలట్ బోటు బయల్దేరిపోనాది. ఆఫీసర్లు రిజిస్టరట్టుకుని పరిగెత్తుకొచ్చీసి, ఏ దేశం ఓడ, ఏటి సరుకు అంటన్నారు. నాను బాబూ, ఎల్లాజీని, సరుకు నెత్తళ్ళ వాసన అన్నాను!"

"ఒరే, అరసెంచా మొనగాడివిరా!" అని సూరన్న తొడ చరిచాడు.

బెన్సన్ జేబులోంచి కాగితం తీశాడు. ఎల్లాజీ బావ ఇరవయ్యేళ్ళు ఎంత తిన్నాడో, అంత గట్టివాడన్నమాట. తను అలాంటివాడు కాదు. పోయిన గుడ్ ఫ్రైడేకి ఉపవాసమని మొదలెట్టి, పదిన్నరకల్లా వంటింట్లో దొరికిపోయాడు.

"నావల్ల కాదు బావా" అన్నాడు. "నువ్వు మొనగాడివి. నానంతోణ్ణి కాదు." కాగితం రెండు చివర్లూ పట్టుకున్నాడు.

"ఎన్ని ఓడలు మావా?"

వెనకనించి ఆడగొంతు. ఎల్లాజీ కాలు మీంచి కాలు దిగిపోయింది. నూకాలు, ఆయన భార్య, చేతిలో చిన్న క్యారేజీ, సంచీతో ఎప్పట్నించో వింటూ నిలబడుంది.

"రెండేసి గంటలకి తినాలని సెప్పారా నేదా? పదకొండవుతంది. పదకొండు ఓడల్ని కూయించినోడివి, పప్పుకట్టుకి జడిసి ఇక్కడ దాక్కున్నావేటి?"

క్యారేజీ విప్పి, సంచిలోంచి ఓ స్టీలు ఉగ్గుగిన్నె తీసింది. పసిపిల్లలకి పట్టేదే, ముందు ముక్కులా సాగి ఉంటుందే, ఆ గిన్నె.

"ఇక్కడొద్దే" అన్నాడు ఎల్లాజీ, ఎవరికీ వినపడకుండా.

"ఇక్కడే! సెంచాతో ఇత్తే ఆత్రంగా మింగీసి, గుండెల్లో పట్టీసిందని మెలితిరిగిపోయీవోడు. అందుకే మా పెద్దోడి ఉగ్గుగిన్నె అటక మీంచి తీసాను. దీంట్లోంచి ఇంతింతే ఒస్తాది, ఎంత తొందరపడినా ఒకటే." గిన్నెలోకి పప్పుకట్టు వంచుతూ బెన్సన్ వైపు చూసింది. చేతిలో కాగితం చూసింది. ఆమెకి అర్థమైంది. "ఒక్క సుక్క రాలనేదన్నాడా? ఇనుకో తమ్ముడూ. పిల్లలకి నెత్తళ్ళు ఏపుతన్నాను. ఈయనొచ్చి వంటింటి గడప మీద కూకున్నాడు. ఒక్కటే నూకాలూ, ఒక్కటంటే ఒక్కటని సెయ్యి సాపాడు. నానివ్వనేదు. ఏడిసాడు. ఈయన్ని సూసి నానేడిసాను. మమ్మల్ని సూసి పిల్లలేడిసారు. నెత్తళ్ళు మాడిపోనాయి. ఆ పూట ఇంటిల్లిపాదీ పప్పుకట్టే తాగాం."

బెన్సన్ మెల్లిగా అడిగాడు. "నిజవేనా బావా?"

ఎల్లాజీ టీ గ్లాసు కింద పెట్టాడు. "నిజవేరా. ఒక్క రోజు కాదు, వారం రోజులు ఏడిసాను. కడుపుకి ఆకలి నేదురా, నోటికుంది. అది ఎవడికి సెప్పుకుంటాం? నువ్వడిగితే... నిజం సెప్తే జడిసిపోతావనుకున్నాను."

"నీ కోతలు ఇనే జడిసిపోనాను బావా. ఏడవడమైతే నాకూ ఒచ్చు."

కాగితం మళ్ళీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎల్లాజీ చెయ్యి చాపి అతని భుజం పట్టుకుని వదల్లేదు.

"ఇంకో వారానికి ఈయనకి మెత్తన్నం పెట్టొచ్చన్నారు" అంది నూకాలు. "గిన్నె కడిగి రత్నమణికిచ్చేస్తాను. మా ఈదిలో సగం మంది పిల్లలు ఇందులోనే తాగారు. జాగర్త మరి, పక్కింటి పోతమ్మ కోడలికి ఏడో నెల. పురుడొచ్చీసరికి మళ్ళీ తెచ్చియ్యాల."

"అలాగేనక్కా" అన్నాడు బెన్సన్.

ఆ కాస్త సందు దొరికింది ఎల్లాజీకి. "ఒరే, ఏడిసానంటే ఏదో మామూలుగా అనుకుంటన్నావేటి? ఆ తర్వాత ఏటైందో తెల్సా? నా ఏడుపుకి హార్బర్లో నీళ్ళు రెండడుగులు పైకి లేసీసి, ఓడలన్నీ..."

"నోరు తెరు మావా" అంది నూకాలు.

తెరిచాడు. గిన్నె వంచుతూ, పసివాడికి పట్టే తల్లిలాగే, తనూ నోరు తెరిచింది. ఎదురుగా బెన్సనూ తెరిచాడు. సూరన్నా, టీ వడపోస్తున్న చలమయ్యా కూడా తెరిచారు. ఎల్లాజీ గుటక దిగేదాకా ఎవరూ మూయలేదు.